ఆడ-మగ వరిలో ముప్పు ఎటు నుంచి వస్తుంది? అపోహలు, వాస్తవాలు

యాసంగిలో కరీంనగర్, జగిత్యాల వైపు పొలాల్లో, వడ్లు పూతకు వచ్చిన రోజుల్లో, పొద్దున పది గంటల వేళ ఆగి చూడండి. ఈ గట్టున ఒకరు, ఆ గట్టున ఒకరు నిలబడి పొడవాటి తాడును కంకుల మీదుగా లాగుతూ నడుస్తుంటారు. తాడు తగిలిన చోట మగ వరుసల నుంచి పుప్పొడి సన్నని పొగలా లేచి ఆడ వరుసల మీద వాలుతుంది. అరగంట ఆగి మళ్లీ లాగుతారు. పుప్పొడి ఇచ్చే రకం మగ వరుస, ఆ పుప్పొడితో గింజ కట్టే రకం ఆడ వరుస. రెండు రకాలు కలిసిన హైబ్రిడ్ వరి విత్తనం ఇలాగే తయారవుతుంది. దీన్నే ఆడ-మగ వరి అంటారు. ఏళ్లుగా ఇదే నా పని. దీని గురించి జనంలో తిరిగే మాటలు కొన్ని నన్ను నిజంగా బాధపెడతాయి.

అపోహ: ‘పురుష వంధ్యత్వం’ ఉన్న వరి నుంచి వచ్చిన బియ్యం తింటే మనుషులకూ సంతాన సమస్యలు వస్తాయి.

వంధ్యత్వం ఉన్నది ఆడ వరుస మొక్క పుప్పొడికి మాత్రమే. ఆ పువ్వును ఒకసారి విప్పి చూడండి. మామూలు వరి పువ్వులో ఆరు కేసరాలు పసుపుపచ్చగా, నిండుగా ఉంటాయి. ఇక్కడ అవే ఆరు పాలిపోయి, ముడుచుకుని కనిపిస్తాయి. వేళ్ల మధ్య నలిపినా పొడి అంటదు. అయోడిన్ ద్రావణం వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే మంచి పుప్పొడి నల్లబడుతుంది, ఇది రంగు పట్టదు. రంగు పట్టడానికి లోపల పిండి పదార్థం ఉండాలి కదా. అదే పువ్వులో అండాశయం, పుప్పొడిని పట్టుకునే కీలాగ్రం మాత్రం ఆరోగ్యంగా ఉంటాయి. బయటి పుప్పొడి పడితే గింజ కడుతుంది. మగ వరుస తన వంతుగా పుప్పొడి శక్తిని తిరిగి నిలబెట్టే జన్యువులను ఆ గింజకు ఇస్తుంది. అందుకే ఆ విత్తనం కొని నాటిన రైతు పొలంలో పైరు తన పుప్పొడితోనే గింజ పడుతుంది. మనం తినే బియ్యం ఆ పైరువే. మనిషి సంతానానికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

అపోహ: ఇదంతా జన్యుమార్పిడి పంట.

కాదు. 1970లో చైనాలోని హైనాన్ దీవిలో వరి శాస్త్రవేత్త యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి పుప్పొడి పనిచేయని ఒక అడవి వరి మొక్క దొరికింది. ఆ లక్షణం తల్లి వైపు నుంచే, కణద్రవ్యం (కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పదార్థం) ద్వారా సంక్రమిస్తుంది. సంకరాలు చేసుకుంటూ దాన్నే సాగు రకాల్లోకి తెచ్చారు. మన దగ్గర తొలి హైబ్రిడ్ వరి వంగడాలు 1994లో విడుదలయ్యాయి. జన్యుమార్పిడి చేసిన డీఎంహెచ్-11 ఆవాల సంగతి వేరు. అందులో వంధ్యత్వాన్ని బాక్టీరియా జన్యువుతో తెచ్చారు. దాని మీద జరిగే వాదనను వరికి అంటగట్టడం న్యాయం కాదు.

అపోహ: సీడు పొలం (హైబ్రిడ్ విత్తనం పండించే పొలం) పుప్పొడి గాలికి వచ్చి పక్కవాళ్ల వరిని చెడగొడుతుంది.

ఈ మాట మీద గట్ల దగ్గర గొడవలు జరగడం చూశాను. జరిగేది దీనికి సరిగ్గా ఎదురు.

వరి పుప్పొడి బయటపడ్డాక అయిదు నిమిషాల్లోనే చాలా వరకు శక్తి కోల్పోతుంది. పక్క పొలంలోని మామూలు వరి పువ్వు విచ్చుకునే వేళకే దాని సొంత పుప్పొడి దాని కీలాగ్రం మీద పడుతుంది. బయటి పుప్పొడికి అక్కడ చోటు దొరకడం చాలా అరుదు. మా ఆడ వరుస పరిస్థితి అది కాదు. సొంత పుప్పొడి లేదు. పువ్వు ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. కీలాగ్రం బయటికి చొచ్చుకుని రోజుల తరబడి ఎదురుచూస్తుంది. ఎవరి పుప్పొడి ముందు చేరితే వాళ్ల గింజే కడుతుంది. వేరే వరి పొలాల నుంచి వేర్పాటు దూరం హైబ్రిడ్ విత్తన పొలానికి 100 మీటర్లు, ఆడ వంగడాన్నే పెంచే పొలానికి 200 మీటర్లు ఉండాలన్న నియమం మా పంటను కాపాడటానికే. దూరం కుదరకపోతే పూత వేళల్లో మూడు వారాలైనా తేడా ఉండేలా నాటుతాం.

దూరం ఒక్కటే చాలదని నాకు కొత్తలోనే తెలిసివచ్చింది. చుట్టూ ఎవరు ఏ రకం వేశారో రాసుకుని, కొలతలన్నీ సరిచూసుకుని ధైర్యంగా ఉన్నాను. దెబ్బ పొలం లోపలే తగిలింది. వానాకాలంలో రాలిన వడ్లు మొలిచి, మగ వరుసల పక్కన అదే ఎత్తులో ఎదిగి, వాటితో పాటే పూశాయి. విత్తనాన్ని నాటి చూసే పరీక్షలో కేళీలు (వేరే రకం మొక్కలు) బయటపడ్డాయి. ఆ లాటు విత్తనంగా పనికిరాదన్నారు. ‘‘కలుపు కూడా లేకుండా చూశాం కదా సార్’’ అన్నాడు ఆ పొలం రైతు, పెద్దాయన. ఏం చెప్పాలో తోచలేదు. అప్పటి నుంచి దమ్ముకు ముందు పొలం తడిపి, రాలిన గింజలను మొలవనిచ్చి, కలియదున్నించాకే నాటు వేయిస్తున్నాను. పూత రోజుల్లో తాడు పట్టకముందే ఆడ వరుసల్లో తిరిగి, నిండు పసుపు కేసరాలున్న మొక్క కనబడితే వేళ్లతో సహా పీకేయిస్తాను. అలాంటిది ఒక్కటి మిగిలినా చుట్టూ ఉన్న కంకులన్నిటి మీదా పుప్పొడి రాలుస్తుంది.

అపోహ: వరి సొంత పుప్పొడితోనే గింజ కడుతుంది కాబట్టి దాని జన్యువులు బయటికి పోనే పోవు.

సాగు వరిలో పరపరాగ సంపర్కం, అంటే వేరే మొక్క పుప్పొడితో గింజ కట్టడం, సాధారణంగా ఒక శాతం లోపే. కానీ సున్నా కాదు. కలుపు మందును తట్టుకునే బాస్మతి రకాలు 2021లో వచ్చాయి. వాటి పక్కన అడవి వరి పూస్తే ఆ జన్యువు ఏ కొద్ది మొక్కల్లోకో చేరవచ్చు. ఏటా అదే మందు కొడితే మిగిలేవి అవే. మొక్కజొన్న, పొద్దుతిరుగుడు రైతులకు ఇది మరీ ముఖ్యం. ఒకదాని పుప్పొడిని గాలి, రెండోదాని పుప్పొడిని తేనెటీగలు చాలా దూరం మోసుకుపోతాయి.

అపోహ: హైబ్రిడ్ వడ్లు దాచుకుని మళ్లీ నాటుకోవచ్చు.

మొలుస్తాయి. కానీ పైరు ఒకే తీరుగా రాదు. తల్లి కణద్రవ్యం అన్ని మొక్కలకూ చేరుతుంది, పుప్పొడిని నిలబెట్టే జన్యువులు మాత్రం కొన్నిటికి అందవు. అవి పచ్చగా ఎదిగి, పిలకలు వేసి, ఈని, తాలు కంకులతో నిటారుగా నిలబడతాయి. పక్కనున్నవి గింజ బరువుకు వంగుతున్నప్పుడు అవి దూరం నుంచే కనబడతాయి.