తెలియని చోట దేవుణ్ణి ఇరికించకండి

ప్రియమైన పిల్లలకు,

సండే స్కూల్లో ఒక మాట, కాలేజీలో ఫిజిక్స్ క్లాసులో ఇంకో మాట విని మీలో కొందరు అడుగుతున్నారు: "సైన్సుకు అంతుచిక్కనిదంతా దేవుడి పనేనా?" అలా అనుకోకండి. దానివల్ల సైన్సుకంటే ముందు నష్టపోయేది విశ్వాసమే.

మన గుంటూరు సంగతే చూడండి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ ఇక్కడి నుంచే సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని, అంటే వెలుగును రంగులుగా విడదీస్తే కనిపించే పట్టీని, పరిశీలించారు. ఆ జ్వాలల వెలుగులో ఒక పసుపు గీత ఉంటుంది. అది సోడియంది కాదని అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుర్తించారు. తరంగదైర్ఘ్యం లెక్కన సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి, ఇది 587.6 దగ్గర ఉంది. ఆ పదార్థాన్ని భూమ్మీద ఒక ఖనిజం నుంచి రామ్సే అనే రసాయన శాస్త్రవేత్త రాబట్టింది 1895లో. అదే హీలియం. మధ్యలో ఆ 27 ఏళ్లూ "ఇది దైవరహస్యం" అని ఎవరైనా ప్రసంగం చేసి ఉంటే, తర్వాత ఆ దేవుణ్ణి ఎక్కడ పెట్టుకునేవారు?

న్యూటన్ అంతటివాడు కూడా ఇక్కడ తడబడ్డాడు. గ్రహాలు ఒకదాన్నొకటి లాగడంవల్ల వాటి గమనంలో వచ్చే తేడాలు పేరుకుపోతాయనీ, ఎప్పుడో ఒకప్పుడు దేవుడు సరిదిద్దాల్సి వస్తుందనీ రాశాడు. గురు, శని గ్రహాల గమనంలోని తేడా పేరుకుపోయేది కాదనీ, సుమారు 900 ఏళ్లకోసారి తిరిగివచ్చే చక్రమేననీ 1785లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ లెక్కగట్టాడు. అయితే అంతకు చాలా ముందే, 1715లో, జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ దైవశాస్త్రం వైపు నుంచే అభ్యంతరం చెప్పాడు: మాటిమాటికీ బాగుచేయాల్సిన గడియారం చేసినవాడు గొప్ప పనివాడెలా అవుతాడని. నాకు ఈ అభ్యంతరమే ఎక్కువ లోతైనదనిపిస్తుంది.

ఎందుకంటే, సృష్టి అంటే మొదటి క్షణం ఒక్కటే కాదు. ఉన్నదంతా ఈ క్షణాన కూడా దేవుడి ఆధారంతోనే ఉందన్నది క్రైస్తవ బోధ. విశ్వానికి ఆరంభం ఉందని తర్కంతో నిరూపించలేమనీ, ఆరంభం లేకపోయినా అది దేవుడి సృష్టే అవుతుందనీ 13వ శతాబ్దంలోనే క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ వాదించారు. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో రాసిన బెల్జియం శాస్త్రవేత్త లెమైట్ర్ స్వయంగా కతోలిక మతగురువు. 1951లో పోపు 12వ పయస్ విశ్వానికి ఆరంభం ఉందన్న సైన్సు సిద్ధాంతం సృష్టికర్తను బలపరుస్తోందన్నట్టు మాట్లాడితే, ఆ ముడి వేయడం లెమైట్ర్‌కు నచ్చలేదు.

"సైన్సు దేవుణ్ణి నిరూపించింది" అని వాట్సాప్‌లో వస్తే, ఆ వాదాన్ని ఒక్క వాక్యంగా నోటుబుక్కులో రాయండి. ఏ కొలత వస్తే అది తప్పవుతుందో దాని కింద రాయండి. అలాంటి కొలత ఉంటే అది సైన్సు ప్రశ్న, సైన్సుకే వదిలేయండి. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లన్నది అలాంటిదే. అసలు ఏదైనా ఎందుకు ఉందన్న ప్రశ్నకు ఏ పరికరమూ లేదు. "ప్రయోగాల్లో దేవుడు కనబడలేదు, కాబట్టి లేడు" అన్నా ఇలాగే పరీక్షించండి. సహజ కారణాలను మాత్రమే వెతికే పద్ధతిలో ఇంకేమీ దొరకలేదంటే అది రుజువు కాదు.

యేసు పునరుత్థానం సంగతి వేరు. అది చరిత్రలో జరిగిందని చెప్పే సాక్ష్యం, ల్యాబులో మళ్లీ చేసి చూసేది కాదు. మొదటి కొరింథీ పత్రిక 15వ అధ్యాయంలో పౌలు సాక్షులను వరుసగా చెబుతాడు. 3 నుంచి 8 వచనాలు చదివి, ఎవరెవరు చూశారంటున్నాడో రాసుకుని వచ్చే ఆదివారం తీసుకురండి.

మీ తాతయ్య