ఆ రోజు మండలిలో ఓటు పెట్టి ఉంటే

ఆంధ్రప్రదేశ్ శాసన మండలి ఛైర్మన్ అధికారం ఎంతవరకు అన్న గొడవ మళ్లీ మొదటికొచ్చింది. 2024 ఆగస్టు నుంచి వైసీపీ ఎమ్మెల్సీలు ఒక్కొక్కరుగా ఇచ్చిన రాజీనామాలు, వైసీపీ నుంచే వచ్చిన ఛైర్మన్ కొయ్యే మోషేన్ రాజు దగ్గర నెలల తరబడి తేలకుండా ఉండిపోయాయి. వారిలో జయమంగళ వెంకటరమణ హైకోర్టుకు వెళ్లారు. రాజీనామాలను కావాలనే నాన్చుతున్నారని టీడీపీ నడిపే అధికార కూటమి వారి ఆరోపణ. అవి స్వచ్ఛందంగా ఇచ్చినవేనా అని విచారించే అధికారం ఛైర్మన్‌కు ఉందన్నది అవతలి వాదన. 2020లో రాజధాని బిల్లుల దగ్గర ఇదే గొడవ వచ్చినప్పుడు ఛైర్మన్ విచక్షణను వెనకేసుకొచ్చింది టీడీపీ, తప్పుపట్టింది వైసీపీ.

మండలి 1958లో ఏర్పడడం, 1985లో ఎన్టీఆర్ రద్దు చేయించడం, 2007లో తిరిగి రావడం అందరికీ తెలిసిన కథే. ఇప్పటి తగాదా మూలం 2020 జనవరి 21, 22 తేదీల్లో ఉంది.

మూడు రాజధానుల బిల్లు, అమరావతి నిర్మాణం చూసే సంస్థ సీఆర్‌డీఏ రద్దు బిల్లు జనవరి 20 రాత్రి అసెంబ్లీలో గట్టెక్కాయి. మర్నాడు మండలికి వచ్చాయి. 58 మంది సభలో వైసీపీకి ఉన్నది 9 మందే. టీడీపీది స్పష్టమైన పైచేయి, ఛైర్మన్ ఎం.ఎ. షరీఫ్ కూడా ఆ పార్టీ నుంచి వచ్చినవారే. బిల్లులు చేతికి రాకముందే టీడీపీ నేత యనమల రామకృష్ణుడు రూల్ 71 నోటీసు ముందుకు తెచ్చారు. ప్రభుత్వ విధానాన్ని సభ ఆమోదించడం లేదని తీర్మానం చేయడానికి వీలిచ్చే నిబంధన అది. ముందు బిల్లులు తీసుకోవాలని మంత్రులు పట్టుబట్టారు. ఛైర్మన్ నోటీసుకే మొగ్గారు. చర్చ జరిగింది, ఓటింగ్ జరిగింది, తీర్మానం నెగ్గింది. టీడీపీ సభ్యులు పోతుల సునీత, శివనాథరెడ్డి సొంత పార్టీకి ఎదురు తిరిగినా ఫలితం మారలేదు. అంటే, ఓటు పెడితే గెలిచే బలం తమకుందని టీడీపీ మొదటి రోజే రుజువు చేసుకుంది.

రెండో రోజు ఆ బలాన్ని ఎందుకు వాడుకోలేదన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. బిల్లులను సెలెక్ట్ కమిటీకి, అంటే వాటిని లోతుగా పరిశీలించే సభ్యుల సంఘానికి, పంపాలన్నది ఆ పార్టీ కోరిక. దానికి తగిన తీర్మానం సకాలంలో, పద్ధతి ప్రకారం రాలేదని శాసనసభా వ్యవహారాల మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ అభ్యంతరం చెప్పారు. ఇది తోసిపుచ్చాల్సిన మాట కాదు. బిల్లును కమిటీకి పంపడమంటే దాన్ని నెలల పాటు ఆపడం. అంత పెద్ద నిర్ణయం సభదే కావాలి. రాజ్యాంగం 189వ అధికరణం కూడా, వేరే విధంగా చెప్పిన చోట తప్ప, ప్రతి ప్రశ్నా హాజరై ఓటేసిన సభ్యుల మెజారిటీతోనే తేలాలంటుంది. సభాపతికి ఉండేది సమానంగా చీలినప్పుడు వేసే ఓటు ఒక్కటే.

ఆ సాయంత్రం పోడియం చుట్టూ మంత్రులు, సభ్యులు మూగారు. గ్యాలరీలో చంద్రబాబు కూర్చుని ఉన్నారు. అక్కడి నుంచే ఛైర్మన్‌కు ఆదేశాలు వెళ్లాయని జగన్ మర్నాడు అసెంబ్లీలో ఆరోపించారు. అంత ఒత్తిడిలో షరీఫ్ లేచి, ప్రక్రియలో లోపం జరిగిన మాట నిజమేనని ఒప్పుకుంటూనే, రూల్ 154 కింద తనకున్న విచక్షణాధికారంతో రెండు బిల్లులనూ సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. సభ నిరవధికంగా వాయిదా పడింది. డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, లేదు, మూజువాణి ఓటు కూడా లేదు.

ఇలాంటి అధికారం ప్రతి సభ రూల్స్‌లోనూ ఉంటుంది. లోక్‌సభలో అది రూల్ 389. నిబంధనలు ఏమీ చెప్పని చోట సభాపతి దారి చూపడానికి పెట్టుకున్నది. నిబంధన ఉండి, దాన్ని పాటించకపోయిన చోట సర్దుబాటు చేయడానికి కాదు.

దాని ఫలితం ఫిబ్రవరిలో కనిపించింది. కమిటీల ఏర్పాటుకు ఛైర్మన్ పంపిన ఫైలును మండలి కార్యదర్శి, నిబంధనలకు విరుద్ధమంటూ, వెనక్కి పంపారు. ఛైర్మన్ ఆదేశాన్ని అధికారి తిప్పికొట్టడం ఘోరమైన సంగతే, షరీఫ్ గవర్నర్‌కు ఫిర్యాదు చేయడం సబబే. చట్టసభకు ప్రత్యేక సచివాలయం ఉండాలని 187వ అధికరణం చెప్పింది ప్రభుత్వం నీడ దానిమీద పడకూడదనే. అయితే సభ ఓటేసి పంపిన బిల్లయి ఉంటే, ఆ ఫైలు మీద అలా రాయడానికి ఏ అధికారికీ సందు దొరికేది కాదు.

ప్రభుత్వం మాత్రం కమిటీతో సరిపెట్టుకోలేదు. ఏటా 60 కోట్లు ఖర్చయ్యే ఈ సభ అవసరమా అని జగన్ అడిగారు. జనవరి 27న మండలి రద్దు తీర్మానాన్ని అసెంబ్లీ 133 ఓట్లతో ఆమోదించింది. 1983లో ఎన్టీఆర్‌కు కూడా కాంగ్రెస్ మెజారిటీ ఉన్న మండలితోనే పేచీ వచ్చింది. ఆయనా రద్దు దారే పట్టారు. తర్వాత మండలిలో వైసీపీ బలం పెరిగింది, 2021 నవంబరులో ఆ తీర్మానం ఉపసంహరించుకున్నారు.

ఈలోగా బిల్లులు మరో దారిలో వెళ్లాయి. 197వ అధికరణం ప్రకారం బిల్లు మండలి ముందుకొచ్చి మూడు నెలలు దాటినా ఆమోదం పొందకపోతే అసెంబ్లీ రెండోసారి పంపవచ్చు. ఆపై నెల గడిస్తే ఆమోదం పొందినట్టే లెక్క. సెలెక్ట్ కమిటీ దగ్గర ఉంటే గడువు ఆగుతుందన్న మాట అందులో ఎక్కడా లేదు. జూన్ 16న అసెంబ్లీ మళ్లీ ఆమోదించింది. 17న మండలి వాటిని చేపట్టకుండానే నిరవధికంగా వాయిదా పడింది, ప్రభుత్వ ఖర్చుకు అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు కూడా ఆగిపోయి జులైలో ఉద్యోగుల జీతాలు ఆలస్యమయ్యాయి. జులై 31న గవర్నర్ రాజధాని బిల్లులపై సంతకం చేశారు. అమరావతికి భూములిచ్చిన రైతుల తరఫున మండలి చేయగలిగిన అసలు పని, బిల్లును వరుసగా చదివి సాక్షులను పిలిచి విచారించడం, ఒక్క రోజు కూడా జరగలేదు.

ఇప్పుడు బలాబలాలు తారుమారయ్యాయి. అసెంబ్లీలో కూటమికి 164, వైసీపీకి 11. మండలిలో ఆధిక్యం వైసీపీది, ప్రతిపక్ష నేత బొత్స సత్యనారాయణ. 2024 ఆగస్టులో రాజీనామా చేసిన తొలివారిలో పోతుల సునీత ఉన్నారు, 2020లో టీడీపీకి ఎదురు నిలిచిన సభ్యురాలే.

ఈసారి చిక్కు ఇంకా గట్టిది. బిల్లును మండలి ఆపితే 197వ అధికరణం కింద నాలుగు నెలల్లో దారి దొరుకుతుంది. రాజీనామా సంగతి వేరు. అది స్వచ్ఛందం కాదని, నిజమైనది కాదని విచారణలో తేలితే తిరస్కరించే వీలు 1974 నాటి 33వ సవరణ సభాపతికి ఇచ్చింది గానీ, ఎన్నాళ్లలో తేల్చాలో చెప్పలేదు. దానికి ఓటింగ్ లేదు, గడువు లేదు, అసెంబ్లీ చేయగలిగింది లేదు. సభ్యుడికి మిగిలిన దారి కోర్టు ఒక్కటే, వెంకటరమణ వెళ్లింది అందుకే.