డి. మత్స్యలేశం నుంచి సర్ క్రీక్ దాకా: తేలని సముద్రపు హద్దు

పాకిస్తాన్‌తో సరిహద్దున్న గుజరాత్‌కూ, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న శ్రీకాకుళం జిల్లాకూ సంబంధమేమిటని ఎచ్చెర్ల మండలం డి. మత్స్యలేశంలో ఎవరూ అడగరు. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్ గస్తీ దళానికి చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల్లో ఆ ఊరివారున్నారు. వారు హద్దు దాటారని అప్పట్లో అందరూ అన్నారు గానీ, ఉభయ దేశాలూ ఒప్పుకొని గీసిన హద్దు ఆ సముద్రంలో నేటికీ లేదు.

ఆ చిక్కు కచ్ రణ్‌లోని సర్ క్రీక్ దగ్గర మొదలైంది. సుమారు 96 కిలోమీటర్ల పొడవున్న ఆ బురద పాయ విషయంలో కచ్ సంస్థానానికీ, సింధ్‌కూ నడిచిన తగవును బొంబాయి ప్రభుత్వం 1914లో ఒక తీర్మానంతో సర్దుబాటు చేసింది. ఆ తీర్మానం ప్రకారం హద్దు తూర్పు గట్టు వెంట ఉందని, కాబట్టి పాయ మొత్తం తనదేనని పాకిస్తాన్ వాదిస్తుంది. పడవలు నడిచే పాయలో హద్దు నడిమి కాలువ వెంటే ఉండాలని, అదే తీర్మానంలోని మరో భాగాన్నీ 1925 నాటి పటాన్నీ చూపి భారత్ అంటుంది. 1965 ఘర్షణల తర్వాత ఏర్పడిన ట్రిబ్యునల్ 1968లో రణ్ ప్రాంతంలో దాదాపు పదో వంతు పాకిస్తాన్‌కు, మిగిలినది భారత్‌కు ఇచ్చినా, సర్ క్రీక్‌ను తన పరిధిలోకి తీసుకోలేదు. నేల మీది హద్దు ఎక్కడ ముగుస్తుందో తేలనిదే సముద్రంలో గీత ఎక్కడ మొదలవ్వాలో తేలదు. పాయ దిశ మార్చుకోవడం వల్ల పాత పటాలతో పని మరింత కష్టమైంది.

ఇక మనవాళ్లు అంత దూరం ఎందుకు వెళ్లాలన్నది మన జిల్లా సంగతి. సుమారు 190 కిలోమీటర్ల తీరమున్నా దశాబ్దాల పాటు శ్రీకాకుళానికి ఒక్క ఫిషింగ్ హార్బరూ లేకపోవడంతో, పెద్ద మరబోట్లు కట్టే చోటు లేక, తెప్పల మీద వచ్చే వేట ఇల్లు గడవడానికి చాలక కుర్రాళ్లు గుజరాత్‌లోని చేపల రేవు వేరావల్ దారి పట్టారు. పడమటి తీరంలో ఏటా ఉండే వేట నిషేధం ముగియగానే గుజరాత్ యజమానుల బోట్లలో కొందరు తండేళ్లుగా (బోటు నడిపే పెద్దలుగా), ఎక్కువమంది కళాసీలుగా (బోటు మీది కూలీలుగా) చేరతారు. 2020 లాక్‌డౌన్‌లో అక్కడ చిక్కుకున్న వేలమందిని బస్సుల్లో తీసుకురావలసి వచ్చినప్పుడు గానీ ఈ వలస ఎంత పెద్దదో మిగతా రాష్ట్రానికి తెలియలేదు.

ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందంలోని 73వ అధికరణం, ప్రత్యేక ఆర్థిక మండలంలో, అంటే తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఆ దేశానికే వేట హక్కులుండే సముద్రంలో, చేపల వేట నిబంధనలు మీరినవారిని, దేశాల మధ్య అందుకు ఒప్పందం లేనప్పుడు, జైల్లో పెట్టరాదంటుంది. ఆ ఒప్పందాన్ని ఆమోదించిన ఈ రెండు దేశాలూ పరస్పరం జాలర్లను జైళ్లలో ఉంచుతూనే ఉన్నాయి. ఈ రెండు దేశాల మధ్య కుదిరిన 2008 ఒప్పందం మేరకు ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు చేతులు మారుతాయి గానీ విడుదల మాత్రం ఢిల్లీ, ఇస్లామాబాద్ సంబంధాలను బట్టే ఉంటుంది. పుల్వామా, బాలాకోట్ ఘటనల తర్వాత 2019 ఏప్రిల్‌లో పాకిస్తాన్ సుహృద్భావ చర్యగా వందల మంది మత్స్యకారులను విడిచిపెట్టినప్పుడు మనవారి వంతు రాలేదు. వారిలో 20 మంది వాఘా దాటి రావడానికి 2020 జనవరి 6 దాకా ఆగవలసి వచ్చింది.