కుప్రేట్ సూపర్‌కండక్టర్లలో గ్యాప్: అపోహలు - వాస్తవాలు

"మీ శాంపిల్ గ్యాప్ ఎంత?" అని అడిగితే కుప్రేట్ల మీద, అంటే కరెంటును నిరోధం లేకుండా మోసే కాపర్ ఆక్సైడ్ల మీద పనిచేసే మేం వెంటనే ఒక అంకె చెప్పం. గ్యాప్ అంటే ఎలక్ట్రాన్లకు స్థితులు లేని శక్తి వ్యవధి; సూపర్‌కండక్టర్‌లో ఎలక్ట్రాన్లు జంటకట్టడం వల్ల ఇది వస్తుంది. ఏ దిశలో, ఏ ఉష్ణోగ్రతలో, ఎంత డోపింగ్ (కరెంటు మోసే కణాల సంఖ్యను మార్చే రసాయన మార్పు) దగ్గర అని ఎదురు ప్రశ్నలు వేస్తాం. తప్పించుకోవడానికి మాత్రం కాదు.

అపోహ: సూపర్‌కండక్టర్ అన్నాక అన్ని దిశల్లోనూ గ్యాప్ ఉండాలి.

సీసం, అల్యూమినియంలలో ఉంటుంది. కుప్రేట్లలో రాగి-ఆక్సిజన్ బంధాల దిశలో గ్యాప్ గరిష్ఠం, వాటికి 45 డిగ్రీల వాలులో సున్నా. ఆ సున్నా చోటే నోడ్. అది దాటితే గ్యాప్ గుర్తు ప్లస్ నుంచి మైనస్‌కు మారుతుంది. దీన్నే డి-వేవ్ అంటాం. 1994లో భౌతిక శాస్త్రవేత్తలు సూయీ, కర్ట్‌లీల బృందం మూడు స్ఫటికాలు కలిసే చోట సగం ఫ్లక్స్ క్వాంటమ్‌ని (అయస్కాంత ప్రవాహపు కనీస మోతాదులో సగాన్ని) పట్టుకుని ఈ గుర్తు మార్పును చూపించింది.

మరి నోడ్ దగ్గర నిరోధం రాదా? రాదు, డీసీ కరెంటును ఎలక్ట్రాన్ జంటలే మోసేస్తాయి. మైక్రోవేవ్‌లు పంపితే మాత్రం శక్తి నష్టం కనబడుతుంది.

అపోహ: గ్యాప్ పెరిగితే టీసీ (సూపర్‌కండక్టర్‌గా మారే ఉష్ణోగ్రత) కూడా పెరుగుతుంది.

మామూలు లోహాలకు సరిపోయే లెక్క ఇది. కుప్రేట్లలో డోపింగ్ తగ్గిస్తూ పోతే ఒక దశ తర్వాత టీసీ పడిపోతుంది, గరిష్ఠ గ్యాప్ మాత్రం ఇంకా పెరుగుతుంది!

అపోహ: టీసీ దాటగానే గ్యాప్ మూసుకుపోతుంది.

అసలు తలనొప్పి ఇక్కడే. తక్కువ డోపింగ్ ఉన్న వైబీసీఓ అనే కుప్రేట్‌లో టీసీకి చాలా పైనుంచే ఎలక్ట్రాన్ల స్పిన్ సంకేతం తగ్గిపోతోందని 1989లోనే ఎన్‌ఎంఆర్ (పరమాణు కేంద్రకాల అయస్కాంత స్పందన) కొలతలు చెప్పాయి. తర్వాత ఫోటోఎమిషన్‌లోనూ (కాంతితో ఎలక్ట్రాన్లను బయటికి తీసి కొలిచే పద్ధతి) అదే కనిపించింది: టీసీ పైన నోడ్ చుట్టుపక్కల గ్యాప్ మూసుకుని ఫెర్మి ఉపరితలం (ఎలక్ట్రాన్లు నిండిన, ఖాళీ స్థితుల మధ్య హద్దు) ముక్కలుగా తేలుతుంది, గరిష్ఠం ఉన్న వైపు గ్యాప్ అలాగే నిలుస్తుంది. ఇదే సూడోగ్యాప్. జంటలు ముందే ఏర్పడి, ఒకే లయలోకి రాలేక ఆగిపోయాయని కొందరంటారు. ఇది అతివాహకత (సూపర్‌కండక్టివిటీ)తో పోటీపడే వేరే క్రమం అని ఇంకొందరి వాదన. నా మొగ్గు రెండో వైపు, ముఖ్యంగా గరిష్ఠ గ్యాప్ ఉన్న ప్రాంతంలో. ఎటు మొగ్గినా, స్పెక్ట్రమ్‌లో గుంట కనబడగానే "జంటలున్నాయి" అని రాసేయడం తొందరపాటే.

అపోహ: ఒక స్ఫటికానికి ఒకటే గ్యాప్.

బిస్మత్ కుప్రేట్‌ని ఎస్‌టీఎం (పరమాణు స్థాయిలో చూసే సూక్ష్మదర్శిని)తో చూస్తే కొన్ని నానోమీటర్లకే గ్యాప్ మారిపోతుంది. ఫోటోఎమిషన్ బీమ్ ఆ మచ్చలన్నిటికీ కలిపి సగటు ఇస్తుంది. రెండు పద్ధతుల అంకెలు కలవకపోతే శాంపిల్‌ని తిట్టేముందు ఇది చూసుకోవాలి.