హోస్ట్ ఫార్మర్ గడిలో ఆమె పేరెందుకు ఉండదు?

బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది పిల్లలు ఊళ్లో రైతుల దగ్గర ఉండి పని నేర్చుకునే రావెప్ (గ్రామీణ వ్యవసాయ పని అనుభవం) కార్యక్రమం గురించి మళ్లీ అదే వాదన. ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది కాబట్టి విద్యార్థులను నేరుగా ఆడవాళ్ల దగ్గరికే పంపండి అని కొందరు, పాస్‌బుక్ లేని మనిషిని రికార్డులో హోస్ట్ ఫార్మర్ (విద్యార్థికి తన చేలో పని నేర్పే రైతు) అని ఎలా రాస్తాం అని ఇంకొందరు. హరిత విప్లవం దగ్గర్నుంచి ఎత్తుకోను, ఆ కథ అందరికీ తెలుసు. నా లెక్కలో అసలు పీటముడి 2007కీ 2013కీ మధ్య పడింది.

2007 జాతీయ రైతు విధానం కౌలుదారులను, కూలీలను కూడా రైతులనే అంది. అయితే విధానం చట్టం కాదు. అందుకే వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్.స్వామినాథన్ రాజ్యసభలో ఉండగా మహిళా రైతుల హక్కుల బిల్లు, 2011 తెచ్చారు. భూమి ఎవరి పేరిట ఉన్నా సరే, సాగు చేసే ఆడమనిషికి గ్రామసభ ఒప్పుకుంటే పంచాయతీయే రైతు సర్టిఫికెట్ ఇవ్వాలి, అంతే. అది ప్రైవేటు మెంబర్ బిల్లు, అంటే ప్రభుత్వం కాకుండా ఓ సభ్యుడు సొంతంగా పెట్టింది. 2013లో ఆయన పదవీకాలం అయిపోయింది, బిల్లూ మురిగిపోయింది. ఆ కాగితమే చేతిలో ఉంటే ఈ రోజు పాస్‌బుక్ మాటే వచ్చేది కాదు. 2015-16 వ్యవసాయ గణనలో ఆడవాళ్ల చేతిలో ఉన్న కమతాలు 14 శాతం లోపే, 2018లో తెలంగాణలో వచ్చిన రైతుబంధు కూడా పట్టా చూసే డబ్బు వేసింది.

సర్టిఫికెట్ లేనంత మాత్రాన పాఠం ఆగిందా అంటే, జహీరాబాద్ వైపు చూడండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని ఆడవాళ్లు, ఎక్కువగా దళితులు, జొన్న, కంది, సామ, కొర్ర, అనుములు ఒకే చేలో కలిపి వేస్తారు, విత్తనం ఇంట్లోనే బూడిద, వేపాకు కలిపి దాస్తారు. 1990ల్లోనే మాచునూరులో పచ్చసాలె అనే బడి పెట్టి బడి మానేసిన పిల్లలకు చదువుతో పాటు చేను పని కూడా నేర్పించారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చాక చూడ్డానికి వెళ్లేవాళ్లు పెరిగారు గానీ, వెళ్లినవాళ్లలో ఎంతమంది నేర్చుకోవడానికి వెళ్లారంటే నాకు అనుమానమే.

ప్రొఫెసర్ల మాటా చెప్పాలి: ఎరువుల ఖర్చు, అప్పులు, అమ్మకం లెక్కలు ఇంటాయన దగ్గరే దొరుకుతాయి, పరీక్షకు అవే కావాలి. సరే.

మా బ్యాచ్‌లో హోస్ట్ ఫార్మర్లందరూ మగవాళ్లే. నేను చేలో కనబడిందల్లా కలుపు అనుకుని పీకుతుంటే ఆ ఇంటి పెద్దమ్మ వచ్చి, "ఏంది బిడ్డా, కూరనంతా ఒడ్డు మీద పారేస్తున్నవ్?" అంది. దొగ్గలి కూర, పొన్నగంటి ఏరి కొంగులో వేసుకుంది, గడ్డి మాత్రం నాకొదిలేసింది. మా పుస్తకంలో ఆ రెండూ కలుపు మొక్కల జాబితాలో ఉన్నాయి. రాత్రి అన్నంలోకి పప్పులో వేసి పెట్టింది. పొద్దున్నే రికార్డు మీద సంతకానికి పెద్దాయన దగ్గరికి వెళ్తే, చేలో కంది ఎన్ని సాళ్లు వేశారో రాయమన్న గడి దగ్గర ఆగి, లోపలికి చూసి ఆమెను పిలిచాడు.