పార్లమెంటు కమిటీలు, ప్రజల డబ్బు, ఆరోగ్యం: అపోహలు - వాస్తవాలు

ఎంపీగా ఉన్న కాలంలో నేను ప్రజా పద్దుల కమిటీలోనూ (పీఏసీ), ఆరోగ్య, కుటుంబ సంక్షేమ స్థాయీ సంఘంలోనూ పనిచేశాను. ఈ రెండింటి గురించి చదువుకున్నవాళ్లలో కూడా చాలా అపోహలున్నాయి. నాకు బాగా తెలిసినవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను. కమిటీ గదిలో ఎవరు ఏమన్నారన్నది బయటపెట్టకూడదు. పదవి దిగిపోయాక కూడా నేను ఆ నియమం పాటిస్తున్నాను. అందుకే కింద చెప్పేవన్నీ సభ ముందుకు వచ్చిన నివేదికల్లోనూ నిబంధనల్లోనూ ఉన్న సంగతులే.

అపోహ: సభలో గొంతు వినిపించని ఎంపీ పని చేయనట్టే.

బడ్జెట్ సమావేశాల్లో ఒక్కో మంత్రిత్వ శాఖ పద్దు మీద విడిగా చర్చ జరగాలి. కానీ సమయం చాలదు. కొన్ని శాఖల మీద మాట్లాడి, మిగతావాటిని గిలెటిన్ పేరుతో ఒకేసారి ఓటు వేసి ముగిస్తారు. ఆరోగ్య శాఖ పద్దు అలా చర్చ లేకుండా గట్టెక్కిన ఏళ్లు ఉన్నాయి. ఆ పద్దును లైను లైనుగా చదివేది, కార్యదర్శిని కూర్చోబెట్టి అడిగేది స్థాయీ సంఘమే. 1993లో 17 సంఘాలతో మొదలై, 2004లో 24 అయ్యాయి. ఒక్కోదానిలో 31 మంది, అంటే లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10 మంది. బడ్జెట్ సమావేశాల మధ్య సభకు విరామం ఇచ్చేది ఈ పని కోసమే. ఆ విరామాన్ని సెలవులు అనుకునేవాళ్లు ఉన్నారు. నిజానికి మాకు ఏడాదిలో పని ఎక్కువగా ఉండే వారాలు అవే.

అపోహ: పీఏసీ స్కాములు పట్టుకునే కమిటీ. కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) రిపోర్టులో పేరు వచ్చిందంటే దొంగతనం రుజువైనట్టే.

పీఏసీ 1921 నుంచీ ఉంది. ఇప్పుడు 22 మంది సభ్యులు, లోక్‌సభ నుంచి 15, రాజ్యసభ నుంచి 7. మంత్రులకు చోటు లేదు. ఒక పథకం పెట్టడం తప్పా ఒప్పా అన్నది మేం తేల్చే విషయం కాదు. సభ ఏ పనికి డబ్బు మంజూరు చేసిందో ఆ పనికే ఖర్చయిందా, మంజూరైన మేరకే ఖర్చయిందా, ఆ ఖర్చుకు తగ్గ ఫలితం వచ్చిందా అన్నదే మా ప్రశ్న. మంజూరైన దానికన్నా ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చయినా ఆ లెక్క మా దగ్గరకు రావాల్సిందే. కారణాలు చూసి మేం సిఫార్సు చేశాకే రాజ్యాంగం 115వ అధికరణ కింద సభ దాన్ని క్రమబద్ధం చేస్తుంది.

ఆడిట్ పారా, అంటే కాగ్ నివేదికలో రాసే ఒక్కో ఆక్షేపణ, ఒక ప్రశ్న. తీర్పు కాదు. 2023 ఆగస్టులో సభ ముందుకు వచ్చిన ఆయుష్మాన్ భారత్ ఆడిట్ నివేదికనే చూడండి. 9999999999 అన్న ఒకే మొబైల్ నంబరు కింద దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారులు నమోదై ఉన్నారని కాగ్ రాసింది. ఆ రోజు సాయంత్రానికే అది "ఏడు లక్షల దొంగ పేషెంట్లు" అయిపోయింది. కాగ్ ఆ మాట అనలేదు. నమోదుకు మొబైల్ నంబరు తప్పనిసరి కాదని, అర్హతను దానితో తేల్చడం లేదని ప్రభుత్వం జవాబిచ్చింది. అంతమాత్రాన సమస్య లేనట్టేనా? కాదు. సరైన నంబరు లేకపోతే కార్డుదారుకు సమాచారం ఎలా చేరుతుంది? పేరు మీద వేరొకరు చికిత్స తీసుకుంటే ఆయనకు ఎలా తెలుస్తుంది? పనికొచ్చే ప్రశ్నలు ఇవి. దొంగలు దొరికారని కేకలు వేయడం తేలిక. డేటాబేస్‌లో అలాంటి నంబరును ఎవరు, ఎందుకు ఒప్పుకున్నారో, ఇప్పుడు ఎన్ని సరిదిద్దారో రాతపూర్వకంగా రాబట్టడానికి నెలలు పడుతుంది. కమిటీ చేసేది ఆ రెండో పని.

ఇంకో మాట. పీఏసీ ముందుకు మంత్రిని పిలవరు. శాఖ కార్యదర్శి, ఆయన అధికారులు వస్తారు. మంత్రి జవాబు చెప్పాల్సింది సభకు. ఖర్చు పెట్టిన చేతులు జవాబు చెప్పాల్సింది కమిటీకి.

అపోహ: ప్రతిపక్ష సభ్యుడే పీఏసీ ఛైర్మన్ కావాలని చట్టంలో ఉంది.

లేదు. అది 1967లో ప్రతిపక్ష నేత మినూ మసానీతో మొదలైన సంప్రదాయం. అంతకుముందు అధికార పక్షం వారే ఉండేవారు. మన పీవీ నరసింహారావు గారు 1978-79లో పీఏసీ ఛైర్మన్. అప్పుడు కేంద్రంలో ఉన్నది జనతా ప్రభుత్వం. సంప్రదాయం ఎంత గట్టిదో, అదే సమయంలో ఎంత నాజూకైనదో తెలుసుకోవాలంటే 2024లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభల్లో ఈ పదవి చుట్టూ రేగిన వివాదాలు చాలు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఖర్చు పెట్టినవాళ్ల పార్టీయే లెక్క అడిగే కుర్చీలో కూర్చోకూడదు. దీన్ని నిబంధనల్లోనే రాసిపెట్టాలి, ఢిల్లీలోనూ, రాష్ట్రాల్లోనూ.

అపోహ: తలుపులు వేసుకుని మాట్లాడుకుంటారంటే అన్ని పార్టీలూ కుమ్మక్కు.

కెమెరా లేకపోవడం వల్లే అక్కడ పని సాగుతుంది. ఆ గదిలో పార్టీ విప్, అంటే ఇలాగే ఓటు వేయాలన్న పార్టీ ఆదేశం, ఉండదు. అధికార పక్ష సభ్యుడు కూడా సొంత ప్రభుత్వ కార్యదర్శిని గట్టిగా నిలదీయగలడు. టీవీ ఉంటే అదే సభ్యుడు నోరు మెదపలేడు. స్థాయీ సంఘంలో ఒప్పుకోని సభ్యుడు తన అసమ్మతి రాసి ఇవ్వవచ్చు, అది నివేదికతో పాటు అచ్చవుతుంది. పీఏసీలో ఏకాభిప్రాయం కోసమే పాకులాడతారు. ప్రతిసారీ కుదరదు. 2011లో 2జీ స్పెక్ట్రమ్ మీద ముసాయిదా నివేదిక దగ్గర కమిటీ రెండుగా చీలింది, చివరికి స్పీకర్ దాన్ని వెనక్కి పంపారు. ఆ నష్టం ఏ పార్టీదీ కాదు, కమిటీదే.

అపోహ: కమిటీ అడిగితే ఫైళ్లన్నీ వస్తాయి.

మనుషుల్ని, కాగితాల్ని పిలిపించే అధికారం ఉంది. దేశ భద్రతకో, ప్రయోజనాలకో భంగమని ప్రభుత్వం కాదనవచ్చు. ఇంకో జవాబు కూడా వస్తుంటుంది, ఫైలు దొరకడం లేదని. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ పనితీరు మీద ఆరోగ్య కమిటీ 2012 మేలో ఇచ్చిన 59వ నివేదిక చూడండి. ఎంపిక చేసిన 42 మందుల అనుమతి పత్రాలు అడిగితే, పెఫ్లాక్సాసిన్, లోమెఫ్లాక్సాసిన్, స్పార్‌ఫ్లాక్సాసిన్ అనే మూడు మందుల ఫైళ్లు కనిపించడం లేదన్నారు. కమిటీ ఆ జవాబును అలాగే అచ్చువేసింది. మనం మింగే మందుకు అనుమతి ఏ ఆధారంతో ఇచ్చారో చెప్పే కాగితం లేదన్న సంగతి దేశానికి అలా తెలిసింది.

అపోహ: బడ్జెట్‌లో అంకె పెరిగిందంటే ఆరోగ్యం మీద ఖర్చు పెరిగినట్టే.

ఒక పథకానికి మూడు అంకెలుంటాయి. ఫిబ్రవరిలో ప్రకటించే బడ్జెట్ అంచనా, మరుసటి ఫిబ్రవరిలో వచ్చే సవరించిన అంచనా, ఆ తర్వాత ఎప్పుడో తేలే అసలు ఖర్చు. పేపర్లో హెడ్డింగ్ అయ్యేది మొదటిది. జనానికి చేరేది మూడోది. కమిటీలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఈ రెంటి మధ్య తేడా మీదే. డబ్బు మిగిలిందంటే పొదుపు చేశారనుకోకండి. పోస్టులు నింపలేదనో, భవనానికి స్థలం తేలలేదనో, రాష్ట్రం తన వాటా వేయలేదనో, పాత డబ్బు ఖర్చయిందని చూపే వినియోగ ధ్రువపత్రం పంపలేదనో అర్థం. జాతీయ ఆరోగ్య మిషన్‌లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. ఒకరి డబ్బు ఆగితే రెండోవారిదీ ఆగుతుంది. జిల్లాలో ఆశా కార్యకర్తకు పారితోషికం ఆలస్యమైందంటే ఒక్కోసారి దాని మూలం ఈ కాగితాల్లోనే ఉంటుంది.

చివరి నెల హడావుడి వేరే. ఆఖరి మూడు నెలల్లో 33 శాతం, ఒక్క మార్చిలో 15 శాతం మించి ఖర్చు చేయకూడదని ఆర్థిక శాఖ పరిమితి. మార్చిలో కొన్న పరికరం ఏడాదిగా పెట్టెలోనే ఉందని ఆడిట్ రాసిందంటే, తేదీ చూడగానే కారణం సగం అర్థమవుతుంది.

2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి ప్రభుత్వ ఆరోగ్య వ్యయం జీడీపీలో 2.5 శాతానికి చేరాలంది. ఇది కేంద్రం ఒక్కదాని లెక్క అనుకుంటారు. కాదు, కేంద్రం, రాష్ట్రాలు కలిపి. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి పైగా ఆరోగ్యానికి పెట్టాలని కూడా అదే విధానంలో ఉంది. ఢిల్లీని అడిగే మనం హైదరాబాద్‌నీ, అమరావతినీ కూడా అడగాలి.

అపోహ: ఆరోగ్య కమిటీకి రాస్తే మా జిల్లా ఆస్పత్రి బాగుపడుతుంది.

ఇలాంటి ఉత్తరాలు చాలా వచ్చేవి. చదువుతుంటే బాధేసేది. కానీ ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాష్ట్ర జాబితాలోవి. పైగా రోజువారీ పాలనలో స్థాయీ సంఘం జోక్యం చేసుకోకూడదని నిబంధనే ఉంది. జిల్లా ఆస్పత్రిలో డాక్టర్ లేడన్న విషయానికి ఎమ్మెల్యే, రాష్ట్ర శాసనసభ, అక్కడి పీఏసీ సరైన దారి. రాష్ట్ర లెక్కల మీద కాగ్ నివేదికలు వెళ్లేదీ అక్కడికే. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్ లాంటి కేంద్ర సంస్థలైతే మా పరిధిలోకి వస్తాయి.

అపోహ: ఖమ్మం విషయంలో ఆరోగ్య కమిటీ హెచ్‌పీవీ టీకాకు వ్యతిరేకంగా మాట్లాడింది.

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన నేల మీద జరిగిన సంగతి, ఇప్పటికీ తప్పుగా వాడుకుంటున్న సంగతి.

2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే అధ్యయనం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ దాన్ని నడిపింది, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర ప్రభుత్వాలు భాగస్వాములు. ఖమ్మంలో టీకా వేయించుకున్న పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో అధ్యయనాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదని ప్రభుత్వం వేసిన విచారణ సంఘం చెప్పింది.

కమిటీ ఈ విషయాన్ని 2010 నుంచి పట్టుకుని, 2013 ఆగస్టులో 72వ నివేదిక ఇచ్చింది. అందులో నన్ను నిద్రపోనివ్వని భాగం సమ్మతి పత్రాల గురించినది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద వార్డెన్లు లేదా ప్రధానోపాధ్యాయుల సంతకాలు. తల్లిదండ్రులు బతికే ఉన్నారు. పక్క ఊళ్లోనో, గూడెంలోనో ఉన్నారు. వాళ్లను అడగలేదు. అధ్యయనమా, ప్రభుత్వ టీకా కార్యక్రమమా అన్న తేడా కూడా చెరిపేశారు. చనిపోయిన పిల్లల విషయంలో విచారణ జరిగిన తీరునూ, ఐసీఎంఆర్, ఔషధ నియంత్రణ అధికారుల పాత్రనూ కమిటీ తీవ్రంగా తప్పుబట్టింది.

టీకా మంచిదా అన్నది ఒక ప్రశ్న. ఆ పిల్లల తల్లిదండ్రుల్ని అడిగారా అన్నది వేరే ప్రశ్న. హెచ్‌పీవీ టీకా సురక్షితమని, క్యాన్సర్‌ను ఆపుతుందని ప్రపంచమంతా చూసింది. మా ఇంటి ఆడపిల్లలకు వేయించమనే చెబుతాను, మీకూ అదే చెబుతాను. ఖమ్మం నివేదికను చూపించి టీకా వద్దని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు ఆ నివేదిక చదవలేదు. అడగకుండా వేస్తే మంచి టీకా మీద కూడా నమ్మకం పోతుంది, దాని మూల్యం తర్వాతి తరం ఆడపిల్లలు చెల్లిస్తారు. కమిటీ కోపమంతా సమ్మతి విషయంలోనే.

క్లినికల్ ట్రయల్స్‌లో సమ్మతిని ఆడియో, వీడియో రికార్డు చేయాలన్న ఆదేశం 2013లోనే వచ్చింది. దానికి ప్రధాన కారణం సుప్రీంకోర్టులో నడిచిన కేసు. కమిటీ నివేదికలు ఆ వాతావరణంలో భాగం. గొప్పంతా కమిటీకే అంటగట్టడం సరికాదు.

అపోహ: సిఫార్సులన్నీ చెత్తబుట్టలోకే.

కమిటీ మాటకు ఆదేశం విలువ లేదు, అది నిజం. ఐనా భారత వైద్య మండలి మీద 2016 మార్చిలో వచ్చిన 92వ నివేదికను మే నెలలో సుప్రీంకోర్టు ప్రస్తావిస్తూ, ఆ మండలి మీద మాజీ ప్రధాన న్యాయమూర్తి లోధా నాయకత్వంలో పర్యవేక్షణ సంఘాన్ని వేసింది. 2020లో ఆ మండలే పోయి జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. ఆ కమిషన్ బిల్లులో ఆయుష్ (ఆయుర్వేద, హోమియో వంటి) డాక్టర్లు అల్లోపతి మందులు రాసేందుకు పెట్టిన బ్రిడ్జి కోర్సును తప్పనిసరి చేయొద్దని 2018 మార్చిలో కమిటీ చెబితే, అదే నెలలో కేబినెట్ దాన్ని తీసేసింది. సరోగసీలో మాత్రం వేరేలా జరిగింది. బిడ్డను మోసే స్త్రీకి తగిన పరిహారం ఇవ్వాలని 2017లో కమిటీ అంటే, 2021 చట్టం వైద్య ఖర్చులు, బీమా తప్ప ఏమీ ఇవ్వకూడదంది. కమిటీదే సరైన మాట అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

అన్నిటికన్నా బాధ పెట్టేది కోవిడ్ నివేదిక. 2020 నవంబరులో, అంటే రెండో వేవ్‌కు ఐదు నెలల ముందే, ఆస్పత్రుల్లో పడకలు చాలవని, ఆక్సిజన్ సిలిండర్ల లభ్యత, ధర చూసుకోవాలని కమిటీ రాసింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఏం జరిగిందో మీ ఇంట్లోనో, మీ వీధిలోనో చూసే ఉంటారు.

సిఫార్సు వచ్చాక శాఖ జవాబివ్వాలి, స్థాయీ సంఘానికి మూడు నెలల్లో, పీఏసీకి ఆరు నెలల్లో. ఆ జవాబుల మీద మళ్లీ చర్యల నివేదిక వస్తుంది. అందులో ప్రభుత్వం ఒప్పుకున్నవి, కమిటీ వదిలేసినవి, జవాబు నచ్చక కమిటీ మళ్లీ పట్టుబట్టినవి, తుది జవాబు ఇంకా రానివి వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి. విలేకరులకూ, విద్యార్థులకూ నా సలహా, మొదట కమిటీ మళ్లీ పట్టుబట్టిన సిఫార్సుల అధ్యాయం తెరవండి. అసలు తగువు అక్కడుంటుంది. నివేదికలన్నీ పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

బిల్లు ఏదైనా కమిటీకి వెళితే అభిప్రాయాలు కోరుతూ పత్రికల్లో ప్రకటన వేస్తారు. గడువు తక్కువ, సాధారణంగా రెండు వారాలు. నర్సులు, ఆశా కార్యకర్తలు, పేషెంట్ల కుటుంబాల నుంచి వచ్చే కాగితాలు తక్కువ, సంఘాల నుంచి, కంపెనీల నుంచి వచ్చేవి ఎక్కువ. పెద్ద వ్యాసం అక్కర్లేదు. బిల్లులో ఏ క్లాజు, దానిలో ఏ మాట మారాలి, మీ అనుభవంలో ఎందుకు మారాలి, ఈ మూడూ ఒక పేజీలో రాసి పంపండి. నేరుగా వచ్చి చెప్పాలనుంటే ఆ మాట కూడా రాయండి, కమిటీ పిలవవచ్చు.