ఇండియన్ డెర్బీ ఫీల్డ్: అపోహలు - వాస్తవాలు

ముంబైలో ఇండియన్ డెర్బీ గుర్రప్పందెం జరిగే ఫిబ్రవరి మొదటి ఆదివారం దగ్గర పడుతోందంటే, రేసు ఫామ్ (గుర్రాల పాత రేసుల రికార్డు) చదివే నాలాంటివాళ్లకు ఫోన్లు ఆగవు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, ముంబై డెర్బీలో ఏ గుర్రం?" ఫీల్డ్‌లోని, అంటే పోటీలో ఉన్న, మిగతా గుర్రాల గురించి ఎవరూ అడగరు. పొరపాట్లన్నీ అక్కడే మొదలవుతాయి.

అపోహ: 2000 గినీస్ గెలిచిన గుర్రానికి డెర్బీ ఖాయం.

డెర్బీకి ముందు జరిగే గినీస్ రేసు 1600 మీటర్లు, డెర్బీ 2400. పరుగెత్తేవి నాలుగేళ్ల గుర్రాలు. అంత దూరం వాటిలో చాలావాటికి ఒకటి రెండుసార్లే అలవాటు, కొన్నిటికి అదీ ఉండదు. అందుకే గినీస్‌లో ఎవరు గెలిచారన్నదానికంటే ఆఖరి 200 మీటర్లలో ఎవరి వేగం తగ్గలేదో చూస్తాను. నాలుగో స్థానంలో వచ్చినా పోస్ట్ (గెలుపు గీత) దాటాక కూడా ఊపు మీదున్న గుర్రాన్ని నోట్ చేసుకుంటాను. మొదట్లో జాకీ మాట వినకుండా లాగే గుర్రం ఎంత మంచిదైనా నాకు అనుమానమే.

తర్వాత పేస్, అంటే రేసు నడిచే వేగం. ముందుండి నడిపే గుర్రాలు ఎన్ని? ఒక్కటే ఉంటే అది తనకు నచ్చిన వేగంతో పోయి స్ట్రెయిట్‌లో (ఆఖరి తిన్నని దారిలో) దొరక్కపోవచ్చు. మూడుంటే ఒకదాన్నొకటి అలసిపోయేలా చేస్తాయి, వెనకనుంచి వచ్చేవాటికి పండగ. గుర్రాన్ని విడిగా చూస్తే ఈ సంగతి కనబడదు.

అపోహ: మంచి టైమింగ్ ఉన్నదే మంచి గుర్రం.

బెంగళూరులో, హైదరాబాద్‌లో, ముంబై మహాలక్ష్మిలో చేసిన టైమింగ్‌లను పక్కపక్కన పెట్టి పోల్చలేం. ట్రాక్ వేరు, ఆ రోజు నేల తడి వేరు.

అపోహ: ఫిల్లీలు (ఆడ గుర్రాలు) కోల్ట్‌లను (మగ గుర్రాలను) కొట్టలేవు.

1943లో మొదటి ఇండియన్ డెర్బీ గెలిచిన ప్రిన్సెస్ బ్యూటిఫుల్ ఫిల్లీయే. 2010లో జాక్వెలిన్ కూడా. పైగా ఫిల్లీలు మోయాల్సిన బరువు ఒకటిన్నర కిలో తక్కువ. నేను అడిగేది వేరే: ఫిల్లీలకే జరిగే ఓక్స్ రేసు కూడా 2400 మీటర్లే కదా, అది పరుగెత్తి ఎన్ని రోజులైంది? ఆ అలసట తీరిందా?

అపోహ: తక్కువ బరువు మోసే గుర్రాన్ని వెతకాలి.

అది హ్యాండిక్యాప్ రేసుల (మంచి గుర్రానికి ఎక్కువ బరువు వేసే రేసుల) అలవాటు. డెర్బీలో కోల్ట్‌లన్నిటికీ ఒకటే బరువు.

అపోహ: ఫేవరెట్ (ఎక్కువమంది పందెం కాసే గుర్రం) మీద పెడితే సేఫ్.

ఫేవరెట్ గెలవొచ్చు, కానీ రేటు గిట్టుబాటు కావాలి కదా. 6/4 అంటే నాలుగు రూపాయలు పెడితే ఆరు లాభం, అంటే మొత్తం పదిలో నాలుగు మనవి; గెలిచే అవకాశం 40 శాతం అని బుకీ (పందేలు తీసుకునేవాడి) లెక్క. 3/1 అంటే 25, 4/1 అంటే 20, 9/1 అంటే 10, 19/1 అంటే 5. ఆరు గుర్రాల ఫీల్డ్‌లో 6/4, 3/1, 4/1, రెండు 9/1లు, ఒక 19/1 ఉంటే మొత్తం 110 అవుతుంది. ఆ పై పది బుకీ మార్జిన్. స్టేబుల్ (గుర్రపుశాల) నుంచి వచ్చిందని చెప్పే టిప్ నిజమే అయినా, మన చెవిన పడేసరికి రేటు పడిపోయే ఉంటుంది.

అందుకే రేట్ల బోర్డు చూడకముందే ప్రతి గుర్రానికీ నా శాతం నేనే రాసుకుంటాను. నాకు 25 శాతం అవకాశం అనిపించిన గుర్రానికి 5/1 దొరికితే ఆడతాను. 2/1 అయితే, ఆ గుర్రమే గెలుస్తుందని మనసు చెప్పినా, డబ్బు జేబులోనే ఉంచి రేసు చూస్తాను.